తక్కువ గంటల సీపీఎల్‌తో విదేశాల్లో పైలట్ ఉద్యోగం: దక్షిణ ఒడిశా తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు నుంచి సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్సు) పూర్తిచేసిన పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు పదేపదే అడిగే ప్రశ్నలివి. 200 నుంచి 300 గంటలు ఎగిరిన అనుభవం ఉన్నవాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాశాం. వీసా నిబంధనలు, ఫీజులు తరచూ మారుతుంటాయి. అందుకని ఎవరికైనా రూపాయి కట్టేముందు ఆ దేశపు విమానయాన సంస్థ వెబ్‌సైటూ, వీసా వెబ్‌సైటూ మీ కళ్ళతో మీరే చూసుకోండి.

200 గంటలు, సీపీఎల్, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (ఐఆర్, అంటే బయట కనబడకపోయినా పరికరాలు చూసి నడిపే అర్హత) ఉన్నాయి. విదేశంలో ఉద్యోగం నిజంగా వస్తుందా?

వస్తుంది. కాకపోతే అది ఎయిర్‌బస్‌లో కుడి సీటు కాదు. సఫారీ క్యాంపులకి ఆరుగురు పట్టే సెస్నాలో టూరిస్టుల్ని దించడం, చూసి రావడానికి వచ్చినవాళ్ళని గంటసేపు గాల్లో తిప్పడం, సరుకు మోయడం, ఫ్లైయింగ్ స్కూల్లో పాఠం చెప్పడం లాంటివి.

వెతికేటప్పుడు చాలామంది వరసని తిరగేస్తారు. ముందు కంపెనీ పేరు పట్టుకుని, తర్వాత లైసెన్సు, అన్నిటికన్నా చివర వీసా చూస్తారు. అసలు వరస దీనికి ఎదురు. ఆ దేశంలో పనిచేసే హక్కు మీకు ఏ దారిలో వస్తుంది? ఇది తేలాక, మీ ఇండియన్ లైసెన్సుని ఆ దేశపు లైసెన్సుగా మార్చుకోవడానికి ఏమేం కావాలి? ఈ రెండూ తేలాకే, మీ గంటలకి సీటిచ్చే కంపెనీలు ఎవరు? మొదటి ప్రశ్నకి జవాబు లేని దేశం మీద ఒక్క రూపాయి కూడా పెట్టకండి. ఒకేసారి ఐదారు దేశాలకి అప్లై చేసేకంటే ఒక్క దేశం ఎంచుకుని దాని కాగితాలు పూర్తిగా సిద్ధం చేసుకున్నవాళ్ళే ముందు గట్టెక్కుతారు.

లైసెన్సు ఉన్నా 200 గంటల పైలట్‌ని ఎందుకు వద్దంటారు?

ఎక్కువసార్లు కాదనేది కంపెనీ కాదు, బీమా పాలసీ. ఫలానా విమానం నడిపే పైలట్‌కి మొత్తం ఇన్ని గంటలు, పైలట్ ఇన్ కమాండ్‌గా (విమానం బాధ్యత తనదే అయినప్పుడు) ఇన్ని గంటలు, ఆ రకం విమానంలో ఇన్ని గంటలు ఉండాలని పాలసీలోనే రాసి ఉంటుంది. అంతకంటే తక్కువున్న పైలట్‌ని కూర్చోబెడితే ప్రమాదం జరిగినప్పుడు క్లెయిము రాదు. చమురు కంపెనీలు, సహాయ సంస్థలు విమానాలు అద్దెకి తీసుకున్నప్పుడు ఆ కాంట్రాక్టుల్లో గంటల నిబంధన ఇంకా గట్టిగా ఉంటుంది. అందుకే "నన్ను ఒక్కసారి ఎగరేసి చూడండి" అని ఎంత బతిమాలినా చీఫ్ పైలట్ చేతిలో ఏమీ ఉండదు. ఆయన్ని అడగాల్సిన ప్రశ్న వేరు: "మీ ఫ్లీట్‌లో ఏ విమానానికి బీమా కనీస గంటలు అన్నిటికంటే తక్కువ? నాకింకా ఎన్ని గంటలు కావాలి?" ఈ ప్రశ్నకి చాలామంది సూటిగానే జవాబిస్తారు.

గల్ఫ్ సంగతేమిటి? మా బంధువులంతా దుబాయిలోనే ఉన్నారు.

గల్ఫ్ పెద్ద ఎయిర్‌లైన్స్ విదేశీ పైలట్లని వేల గంటల జెట్ అనుభవం ఉంటేనే తీసుకుంటాయి. సున్నా నుంచి తయారుచేసే క్యాడెట్ సీట్లు ముఖ్యంగా వాళ్ళ పౌరులకే. బంధువుల ఇంట్లో ఉండి విజిట్ వీసా మీద వెతికినా 200 గంటలకి ఫలితం ఉండదు. ఆ డబ్బు దాచుకోండి.

బోట్స్వానా పేరు అందరూ చెప్తున్నారు. అక్కడ పని ఎలా ఉంటుంది?

ఒకావాంగో డెల్టా చుట్టూ ఉన్న క్యాంపులకి రోడ్లు అంతంతమాత్రం. అందుకే మౌన్ పట్నం నుంచి చిన్న విమానాలు రోజంతా తిరుగుతూనే ఉంటాయి: సెస్నా 206, సెస్నా 210, ఎయిర్‌వ్యాన్, కారవాన్. మాక్ ఎయిర్, వైల్డర్‌నెస్ ఎయిర్ లాంటి కంపెనీలు ఉన్నది ఇక్కడే. తక్కువ గంటల పైలట్లకి ప్రపంచంలో పేరున్న కొద్ది ఊళ్ళలో మౌన్ ఒకటి. కానీ పదేళ్ళ కిందటి మాటలు విని బయల్దేరితే దెబ్బతింటారు. ఇప్పుడు అక్కడి పౌరులైన పైలట్లకే మొదటి అవకాశం. విదేశీయుడికి వర్క్ పర్మిట్ కావాలంటే, ఆ పనికి స్థానికులెవరూ దొరకలేదని కంపెనీ చూపించాలి.

టూరిస్టుల రద్దీ ఏప్రిల్, మే నెలల నుంచి అక్టోబరు దాకా. కంపెనీలు పైలట్లని చూసుకునేది అంతకు ముందు, జనవరి నుంచి మార్చి మధ్య. జూలైలో దిగినవాళ్ళకి సీటు దొరకడం కష్టం. మెయిల్లో పంపిన సీవీలకి జవాబులు తక్కువ. ఊళ్ళో ఉండి, ఎయిర్‌పోర్టు ఎదుట ఆఫీసుల్లో కనబడుతూ, పిలిచిన రోజు చెక్‌రైడ్‌కి (పరీక్షగా ఎగిరి చూపించడానికి) వెళ్ళగలిగినవాళ్ళకే పిలుపొస్తుంది. సందర్శకుడిగా వెతుక్కోవచ్చు గానీ జీతానికి ఎగరడం నేరం. సందర్శకులకి ఏడాదికి 90 రోజుల పరిమితి ఉంది, రోజులు లెక్కపెట్టుకుని దిగండి. మూడు నెలల గది అద్దె, తిండి, లైసెన్సు ఖర్చు, తిరుగు టికెట్టు చేతిలో లేకుండా వెళ్ళకండి. సగంలో డబ్బు అయిపోయి తిరిగొస్తే ఆ ఏడాది సీజను మొత్తం పోయినట్టే.

అక్కడ ఫ్లైట్ టెస్ట్‌లో మనవాళ్ళు ఎక్కడ తడబడతారు?

వేడి, ఎత్తు కలిసినప్పుడు. మౌన్ సముద్రమట్టానికి దాదాపు 3,100 అడుగుల ఎత్తులో ఉంది. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత 9 డిగ్రీలు. అక్టోబరులో మధ్యాహ్నం 38 డిగ్రీలు ఉందనుకోండి. తేడా 29 డిగ్రీలు, డిగ్రీకి 120 అడుగుల చొప్పున 3,480. అంటే డెన్సిటీ ఆల్టిట్యూడ్ (పల్చబడ్డ గాలిలో విమానానికి అనిపించే ఎత్తు) సుమారు 6,600 అడుగులు. టర్బో లేని ఇంజను ఆ గాలిలో పూర్తి బలం ఇవ్వదు, పరుగు పొడవవుతుంది, ఎక్కే వేగం తగ్గుతుంది. భువనేశ్వర్ లాంటి సముద్రమట్టానికి దగ్గరున్న చోట నేర్చుకున్నవాళ్ళకి టేకాఫ్‌కి ముందే మిక్స్చర్ (గాలిలో కలిసే పెట్రోలు పాలు) పల్చన చేయాలన్నది పుస్తకంలో చదివిన సంగతే గానీ చేతికి అలవాటైన పని కాదు. నిండు మిక్స్చర్‌తో పరుగెత్తితే అక్కడే మార్కు పోతుంది.

రెండోది హాట్ స్టార్ట్. 206, 210ల్లో ఉండేది ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజను. క్యాంపులో పది నిమిషాలు ఆగి మళ్ళీ స్టార్ట్ చేసేటప్పుడు, వేడికి గొట్టాల్లో పెట్రోలు ఆవిరై ఇంజను పట్టుకోదు. ఆ విమానం హ్యాండ్‌బుక్‌లో ఉన్న పద్ధతి వరసగా నోటికి రావాలి. ఊరికే క్రాంక్ చేస్తూపోతే బ్యాటరీ అయిపోయి ప్రయాణికులతో సహా ఎడారిలో మిగిలిపోతారు.

మూడోది బరువు లెక్క. 206 గరిష్ఠ టేకాఫ్ బరువు 3,600 పౌండ్లు. సఫారీ ప్రయాణికులకి మెత్తటి సంచిలో 20 కిలోల సామాను పరిమితి పెట్టేది ఇందుకే. ఐదుగురు ప్రయాణికులు, సామాను, పెట్రోలు ఇచ్చి "వెళ్ళగలవా, లేదా?" అని అడుగుతారు. "పెట్రోలు తగ్గిస్తాను, లేదంటే ఒకర్ని రెండో ట్రిప్పులో తెస్తాను" అన్న జవాబు కాగితం మీద అంకెలతో రావాలి. ఎలాగో సర్దుకుపోతానన్నవాళ్ళని వాళ్ళు తీసుకోరు.

టాంజానియా, కెన్యా, నమీబియా?

మూడు చోట్లా చిన్న విమానాల పని ఉంది. అరూషా, దార్ ఎస్ సలాం, నైరోబీ విల్సన్, విండ్‌హూక్ ఎరోస్ దీనికి ముఖ్యమైన ఎయిర్‌పోర్టులు. పనిలో ఎక్కువ భాగం కారవాన్ మీద నడుస్తుంది. కారవాన్ కమాండ్‌కి 200 గంటలు చాలవు, కో-పైలట్ సీటు ఉన్న కంపెనీలనే వెతకాలి. ఇక్కడ కూడా పర్మిట్ దగ్గర స్థానికులకే మొదటి హక్కు. కారవాన్ మనకి కొత్తదేమీ కాదు. 2022లో భువనేశ్వర్ నుంచి జయపురానికి మొదలైన సర్వీసు నడిచింది ఈ విమానంతోనే. ఇలాంటి ప్రాంతీయ సర్వీసుల్లో ఇక్కడే కో-పైలట్‌గా కొన్ని వందల గంటలు దొరికితే ఆఫ్రికాలో మీ మాటకి విలువ పెరుగుతుంది.

ఆస్ట్రేలియా సాధ్యమేనా?

మన పిల్లల వయసువాళ్ళకి ఇప్పుడు అన్నిటికంటే శ్రద్ధగా చూడాల్సిన దారి ఇదేనని మా అభిప్రాయం. కారణం వీసా. భారతీయులకి 462 నంబరు వర్క్ అండ్ హాలిడే వీసా 2024లో తెరిచారు. ఏడాదికి 1,000 మందికి, బ్యాలట్ (లాటరీ) పద్ధతిలో ఇస్తున్నారు. వయసు 18 నుంచి 30. బ్యాలట్ నమోదు ఫీజు 25 ఆస్ట్రేలియన్ డాలర్లు. పేరు రాకపోతే పోయేది ఆ కాస్తే. దీంతో ముందుగా కంపెనీ స్పాన్సర్ లేకుండానే వెళ్ళి పని వెతుక్కోవచ్చు.

చిక్కు రెండు చోట్ల వస్తుంది. ఒకటి, ప్లస్ టూ తర్వాత కనీసం రెండేళ్ళ చదువు పూర్తయి ఉండాలి. ప్లస్ టూ అవగానే నేరుగా సీపీఎల్‌కి వెళ్ళి డిగ్రీ చేయనివాళ్ళు ఇక్కడ ఆగిపోతారు. శిక్షణతో పాటు డిగ్రీ కూడా నడిపించమని మేం పట్టుబట్టేది అందుకే. రెండు, మామూలుగా ఒకే యజమాని దగ్గర ఆరు నెలలకి మించి పనిచేయకూడదు. కొన్ని ప్రాంతాలకి, కొన్ని రంగాలకి మినహాయింపులున్నాయి. మీరు చేరబోయే పని అందులోకి వస్తుందో లేదో ముందే తేల్చుకోండి.

లైసెన్సు వైపు: అక్కడి విమానయాన సంస్థ కాసాలో ఏవియేషన్ రిఫరెన్స్ నంబరు తీసుకోవాలి. మీ ఇండియన్ లైసెన్సుని వాళ్ళు మన విమానయాన సంస్థ డీజీసీఏ దగ్గర వెరిఫై చేసుకుంటారు. వాళ్ళ డాక్టరు దగ్గర క్లాస్ 1 మెడికల్ (జీతానికి ఎగిరే పైలట్ల ఆరోగ్య పరీక్ష), సీపీఎల్ కన్వర్షన్ కింద ఎయిర్ లా, హ్యూమన్ ఫ్యాక్టర్స్ పేపర్లు, ఆపై ఫ్లైట్ టెస్ట్. ఎయిర్‌పోర్టులో తిరగడానికి ఏసిక్ అనే భద్రతా కార్డు వేరే. వెరిఫికేషన్, ఏసిక్ రెండూ నెమ్మదిగా కదులుతాయి కాబట్టి వీటిని అన్నిటికంటే ముందు మొదలుపెట్టాలి.

పని ఉత్తరాన ఉంటుంది: డార్విన్, బ్రూమ్, కునునుర్రా. అక్కడ వానలు వెళ్ళాక ఏప్రిల్, మే నుంచి సీజను. సిడ్నీలో కూర్చుని మెయిళ్ళు పంపితే ఎవరూ పట్టించుకోరు. ఫిబ్రవరి, మార్చిల్లో ఉత్తరానికి చేరి, అవసరమైతే హ్యాంగర్ తుడవడానికి, టికెట్లు అమ్మడానికి కూడా సిద్ధమై ఉండేవాళ్ళకే మొదటి సీటు పడుతుంది.

అమెరికాలో ట్రైనింగ్ అయితే అక్కడే ఉండిపోవచ్చంటున్నారు కదా?

ఎం-1 (వృత్తి శిక్షణ) వీసా మీద చదివితే ప్రతి నాలుగు నెలల చదువుకి ఒక నెల చొప్పున, గరిష్ఠంగా ఆరు నెలల ప్రాక్టికల్ ట్రైనింగ్ దొరుకుతుంది. ఎఫ్-1 (విద్యార్థి) వీసా ఇప్పించే స్కూళ్ళు కొద్దిగా ఉన్నాయి. అక్కడ చదువు అయ్యాక పన్నెండు నెలల పని అనుమతితో ఇన్‌స్ట్రక్టర్‌గా గంటలు పెంచుకోవచ్చు. ఆ తర్వాత అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో చేరాలంటే గ్రీన్ కార్డు లేకుండా దారి దాదాపు లేదు. పైగా 2009 ఫిబ్రవరిలో బఫలో దగ్గర జరిగిన కోల్గన్ ఎయిర్ విమాన ప్రమాదం తర్వాత చట్టం మారింది. 2013 నుంచి కో-పైలట్‌కి కూడా ఏటీపీ (ఎయిర్‌లైన్ పైలట్ లైసెన్సు, మిగతాచోట్ల ఏటీపీఎల్ అంటారు) ఉండాలి, అంటే మామూలుగా 1,500 గంటలు. "అమెరికా వెళ్తే ఉద్యోగం గ్యారంటీ" అనే స్కూలు ఈ రెండు సంగతులూ చెప్పకుండా దాటేస్తుంది.

యూరప్?

ఐరోపా లైసెన్సుకి మన సీపీఎల్ పేపర్లు పనికిరావు. 13 ఏటీపీఎల్ థియరీ పేపర్లు మొదటి నుంచి రాయాలి, ఒక్కోదానిలో 75 శాతం రావాలి. అక్కడి ఏరోమెడికల్ సెంటర్లో క్లాస్ 1, స్కిల్ టెస్ట్, ఎంసీసీ (ఇద్దరు పైలట్లు కలిసి నడిపే శిక్షణ), యూపీఆర్‌టీ (అదుపు తప్పిన విమానాన్ని సరిచేసే శిక్షణ) అన్నీ అదనం. ఇదంతా అయ్యాక కూడా ప్రకటనల్లో "యూరప్‌లో నివసించి పనిచేసే అపరిమిత హక్కు" అన్న వాక్యం దగ్గర మనవాళ్ళ అప్లికేషన్ ఆగిపోతుంది. పెళ్ళి ద్వారానో, తల్లిదండ్రుల ద్వారానో ఆ హక్కు ఉన్నవాళ్ళకి మాత్రమే ఈ దారి.

ఇండోనేషియా కొండల్లో తక్కువ గంటలవాళ్ళని తీసుకుంటారట. వెళ్ళొచ్చా?

ఒకప్పుడు కారవాన్, పిలాటస్ పోర్టర్‌ల మీద విదేశీ కో-పైలట్లని బాగా తీసుకున్నారు. కానీ పాపువా కొండల్లో ఒకవైపు ఏటవాలుగా ఉండే చిన్న ఎయిర్‌స్ట్రిప్‌లు, మధ్యాహ్నానికల్లా లోయల్ని మూసేసే మబ్బులు, వాటికి తోడు సాయుధ తిరుగుబాటుదారులు. 2023 ఫిబ్రవరి 7న అక్కడ ఒక న్యూజిలాండ్ పైలట్‌ని విమానం దిగగానే బందీగా పట్టుకున్నారు. విడిచిపెట్టింది 2024 సెప్టెంబరు 21న. ఏ ప్రాంతంలో ఎగరాలో, ఏ రూటు కాదనే హక్కు మీకుందో కాంట్రాక్టులో రాసి ఇవ్వకపోతే సంతకం పెట్టకండి.

కాగితాల్లో పేరు తేడా ఉంది. అదంత పెద్ద సమస్యా?

మన ప్రాంతంలో ఇదే అన్నిటికంటే పెద్ద సమస్య. మిగతావాళ్ళు ఊహించలేనంత పెద్దది.

తెలుగు ఇళ్ళలో ఇంటిపేరు ముందు. ఒడిశా స్కూలు రికార్డుల్లో ఇంటిపేరు చివర. కొన్ని స్కూళ్ళు ఇంటిపేరుని ఒక్క అక్షరంగా కుదిస్తాయి. ఒడియా ఉచ్చారణ ప్రకారం రాసినప్పుడు "వెంకట" కాస్తా "బెంకట" అవుతుంది. "రావు" ఒక సర్టిఫికెట్లో ఒకలా, ఇంకోదానిలో ఇంకోలా ఉంటుంది. ఆధార్లో తండ్రి పేరు కలిసిపోతుంది. డీజీసీఏ లైసెన్సు పదో తరగతి సర్టిఫికెట్ ప్రకారం వస్తే, పాస్‌పోర్టు ఆధార్ ప్రకారం వస్తుంది. ఇండియాలో ఉన్నంతకాలం ఎవరూ పట్టించుకోరు. విదేశీ సంస్థ వెరిఫికేషన్‌కి పంపినప్పుడు పాస్‌పోర్టులో పేరు, లైసెన్సులో పేరు అక్షరం అక్షరం కలవాలి. కలవకపోతే ఫైలు పక్కన పెట్టేస్తారు. చాలాసార్లు మీకు కబురు కూడా రాదు.

సరిచేసే వరస ఇది. ముందు పదో తరగతి సర్టిఫికెట్‌ని పునాదిగా పెట్టుకోండి. అందులోనే తప్పుంటే స్కూలు ద్వారా కటక్‌లోని సెకండరీ బోర్డుకి, ప్లస్ టూలో తప్పుంటే భువనేశ్వర్‌లోని హయ్యర్ సెకండరీ కౌన్సిల్ (సీహెచ్‌ఎస్‌ఈ)కి సవరణ దరఖాస్తు పెట్టాలి. తర్వాత దానికి సరిపోయేలా ఆధార్, ఆపై పాస్‌పోర్టు రీఇష్యూ. పొడి అక్షరాలు ఉంటే పూర్తిగా విప్పి రాయించండి. చివరగా డీజీసీఏ వాళ్ళ ఈజీసీఏ పోర్టల్‌లో లైసెన్సు సవరణ. "ఇద్దరూ ఒక్కరే" అని నోటరీ అఫిడవిట్ ఒకటి దగ్గర ఉంచుకోండి, కానీ దాని మీదే ఆధారపడకండి. ఇండియాలో చెల్లినంత సులువుగా బయట చెల్లదు. ఈ పనికి నెలలు పడుతుంది. శిక్షణ నడుస్తుండగానే మొదలుపెట్టినవాళ్ళు లైసెన్సు వచ్చేసరికి ఒడ్డున పడతారు.

ప్లస్ టూ సర్టిఫికెట్ మీద అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే ధ్రువీకరణ ముద్ర) కూడా అప్పుడే చేయించండి. ముందు రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ, తర్వాత విదేశాంగ శాఖ ముద్ర. ఇండియా 2005 నుంచి అపోస్టిల్ ఒప్పందంలో ఉంది. ఒప్పందంలో లేని దేశాలకి ఎంబసీ ముద్ర అదనం.

లైసెన్సు వెరిఫికేషన్, లాగ్‌బుక్ విషయంలో ఏం తప్పులు జరుగుతాయి?

వెరిఫికేషన్ సంస్థకీ సంస్థకీ మధ్య జరగాలి. డీజీసీఏ జవాబు నేరుగా ఆ దేశానికి వెళ్తుంది. మీరు చేత్తో తీసుకెళ్ళిన ఉత్తరానికి విలువ లేదు. ఆ జవాబులో మీ ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ తేదీ, మెడికల్ తేదీ కనబడతాయి. సీపీఎల్ పదేళ్ళు ఉంటుంది గానీ ఐఆర్ చెక్‌కి ఒక్క ఏడాదే. ఉద్యోగం రాక ఏడాదిన్నర ఖాళీగా కూర్చున్నవాళ్ళ ఐఆర్ అప్పటికే గడువు దాటి ఉంటుంది. వెరిఫికేషన్ అడిగేముందే ఐఆర్ రెన్యూ చేయించండి. వరసని తిప్పితే డబ్బు రెండుసార్లు ఖర్చవుతుంది.

ఎగిరిన గంటలు రాసుకునే లాగ్‌బుక్‌లో మొదట చూసేది కూడికలు. పేజీ కింది మొత్తం తర్వాతి పేజీ పైన సరిగ్గా రాయకపోతే 200 గంటలు కాస్తా 197 అవుతాయి. సిమ్యులేటర్ గంటల్ని మొత్తంలో కలపకండి, వాటికి వేరే కాలమ్ ఉంది. కొన్ని ఎంట్రీలు మన టైములో, కొన్ని యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) ఉంటే ఐదున్నర గంటల తేడా వచ్చి రాత్రి ఫ్లైయింగ్ పగలైపోతుంది. అమెరికాలో శిక్షణ పొందినవాళ్ళు సేఫ్టీ పైలట్‌గా (ఇంకొకరు నడుపుతుంటే పక్కన కూర్చుని బయట కాచుకునే పైలట్‌గా) రాసుకున్న గంటల్ని చాలా దేశాలు ఒప్పుకోవు. అవి తీసేశాక మిగిలేది ఎంతో మీరే ముందు లెక్కేసుకోండి. ప్రతి పేజీ మీద స్కూలు చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ సంతకం, ముద్ర ఉండాలి. స్కూలు మూతపడ్డాక సంతకం కోసం తిరగడం నరకం, కోర్సు చివరి రోజునే పూర్తిచేసుకోండి.

మెడికల్‌లో మన ప్రాంతం వాళ్ళు ప్రత్యేకంగా చూసుకోవాల్సింది ఉందా?

ఉంది. కొరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి జిల్లాల్లో సికిల్ సెల్ ఎక్కువ. అటు మహారాష్ట్రలో గడ్చిరోలి, చంద్రపూర్ వైపు కూడా అంతే. సికిల్ సెల్ వ్యాధి ఉంటే క్లాస్ 1 రావడం కష్టం. ఒక్క జన్యువు మాత్రమే ఉన్న ట్రెయిట్ అయితే ఐరోపాతో సహా చాలాచోట్ల ఫిట్ ఇస్తారు. "పాజిటివ్" అని మాత్రమే ఉన్న రిపోర్టు చూసి భయపడకండి. హీమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్ లేదా హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చేయించి, ట్రెయిటా వ్యాధా అని స్పష్టంగా రాసిన రిపోర్టు దగ్గర పెట్టుకోండి.

మలేరియా ఉన్న చోట పుట్టిపెరిగాం, మాకేం కాదనే ధీమా వద్దు. ఆ రోగనిరోధక శక్తి కొన్నాళ్ళు దూరంగా ఉంటే తగ్గిపోతుంది. టాంజానియా లాంటి చోట నివారణ మాత్రలు వేసుకోవాలి. అందులో మెఫ్లోక్విన్ పైలట్లకి కుదరదు, తల తిరగడం, మానసిక ఇబ్బందులు వస్తాయి. డాక్సీసైక్లిన్ లేదా అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ గురించి ఏవియేషన్ డాక్టరుతో మాట్లాడి, ఎగరని రోజుల్లో ముందు వాడి చూడండి.

కెన్యా లాంటి తూర్పు ఆఫ్రికా దేశాలకి ఎల్లో ఫీవర్ టీకా తప్పదు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. లేకపోతే తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనే ఆరు రోజులు క్వారంటైన్‌లో ఉంచుతారు. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. ఒక్కసారి వేయించుకుంటే సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది.

మా అమ్మాయికి ఎయిర్‌బస్ టైప్ రేటింగ్, 500 గంటలు, విదేశీ ఎయిర్‌లైన్‌లో సీటు ఇప్పిస్తామని ఏజెంటు లక్షలు అడుగుతున్నాడు. కట్టమంటారా?

వద్దు. టైప్ రేటింగ్ (ఒక రకం విమానం నడిపే అర్హత) చేతిలో ఉండి ఆ విమానంలో గంటలు లేకపోతే, అది ఉద్యోగానికి దాదాపు ఏమీ కలపదు. కొన్ని నెలలు ఎగరకపోతే మళ్ళీ సిమ్యులేటర్ చెక్‌కి డబ్బు కట్టాలి. ఇక డబ్బు తీసుకుని ప్రయాణికుల విమానంలో కుడి సీటు అమ్మే పథకాల్లో ఆ గంటలు అవగానే ఇంటికి పంపేసి, ఆ సీటు ఇంకొకరికి అమ్ముతారు. పొలం తాకట్టు పెట్టి చేయాల్సిన పని కాదిది.

ఏజెంటు నిజమైనవాడో కాదో చూడటం తేలిక. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద విదేశీ ఉద్యోగాలకి మనుషుల్ని పంపేవాళ్ళు రిజిస్టర్ చేయించుకోవాలి. ఆ జాబితా ఈమైగ్రేట్ పోర్టల్‌లో ఉంటుంది. వాళ్ళు అభ్యర్థి దగ్గర తీసుకోగల సర్వీస్ చార్జీ 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడిగినా, రసీదు లేకుండా తీసుకున్నా అక్కడితో ఆపేయండి. కంపెనీకి ఎయిర్ ఆపరేటర్ సర్టిఫికెట్ (విమానాలు నడిపే అనుమతి) ఉందో లేదో ఆ దేశపు విమానయాన సంస్థ వెబ్‌సైట్లో చూడండి. అక్కడి చీఫ్ పైలట్‌కి కంపెనీ అధికారిక మెయిల్‌కి మీరే రాసి ఆఫర్ లెటర్ నిజమేనా అని అడగండి. "ముందు టూరిస్ట్ వీసా మీద రండి, పర్మిట్ వచ్చాక చేయిస్తాం" అన్న మాట వింటే వెళ్ళకండి. పర్మిట్ లేకుండా ఎగిరితే బీమా ఉండదు, పట్టుబడితే బహిష్కరణ, ఆ ముద్ర మిగతా దేశాల వీసాలకీ అడ్డం పడుతుంది.

సీవీ ఎలా ఉండాలి?

ఒక్క పేజీ. పైన మొత్తం గంటలు, కమాండ్, రాత్రి, అసలు ఇన్‌స్ట్రుమెంట్, సిమ్యులేటర్, మల్టీ ఇంజన్. ఇవి ఏ తేదీ నాటికో రాయండి. చివరిసారి ఎగిరిన తేదీ, మెడికల్ గడువు, పాస్‌పోర్టు గడువు, ఆ దేశంలో పని హక్కు ఎలా ఉందో, ఎప్పటి నుంచి చేరగలరో. గంటల్ని పైకి గుండ్రం చేయకండి, 212ని 215 అని రాసినా లాగ్‌బుక్ ముందు దొరికిపోతారు. కెరీర్ ఆబ్జెక్టివ్ పేరాలు ఎవరూ చదవరు. వాటి బదులు మెకానిక్ పని, డ్రైవింగ్, రేడియో రిపేరు లాంటివి వస్తే రాయండి. చిన్న కంపెనీల్లో అవి పనికొస్తాయి.

ఇక్కడే గంటలు పెంచుకుని వెళ్ళడం మేలు కాదా?

చాలామందికి అదే మేలు. అసిస్టెంట్ ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్, తర్వాత పూర్తి ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ చేసి ఏడాదిన్నర, రెండేళ్ళు పాఠం చెప్తే వచ్చేవన్నీ కమాండ్ గంటలే. బీమా కంపెనీ చూసేది కూడా అవే. ఒడిశా ప్రభుత్వ శిక్షణ సంస్థ, గోండియా, నాగపూర్, హైదరాబాద్ స్కూళ్ళు మనకి దగ్గర. తెలుగు, ఒడియా, హిందీ మూడూ వచ్చిన ఇన్‌స్ట్రక్టర్‌ని విద్యార్థులు వెతుక్కుంటూ వస్తారు. జీతం తక్కువే. కానీ 700, 800 గంటలతో మౌన్‌లోనో డార్విన్‌లోనో దిగినవాళ్ళకి ఎదురయ్యే ప్రశ్నలే వేరు.

ఇండియన్ ఎయిర్‌లైన్‌లో కో-పైలట్‌గా చేరి తర్వాత బయటికి వెళ్దామనుకుంటే మాత్రం ఒకటి గుర్తుంచుకోండి: డీజీసీఏ నిబంధన ప్రకారం కో-పైలట్ రాజీనామాకి ఆరు నెలల నోటీసు. విదేశీ కంపెనీకి చేరే తేదీ ఇచ్చేముందు ఆ ఆరు నెలలూ లెక్కలో పెట్టుకోండి.

బయట ఎగిరిన గంటలు తిరిగొచ్చాక ఇక్కడ చెల్లుతాయా?

చెల్లుతాయి, రుజువు ఉంటే. ఇండియన్ ఏటీపీఎల్‌కి 1,500 గంటలు కావాలి, విదేశంలో జీతానికి ఎగిరినవీ అందులోకి వస్తాయి. కంపెనీ వదిలేముందే చీఫ్ పైలట్ సంతకంతో గంటల సర్టిఫికెట్, విమానాల రిజిస్ట్రేషన్ నంబర్లతో సహా తీసుకోండి. లాగ్‌బుక్ ప్రతి పేజీ మీద ముద్ర వేయించుకోండి. ఆ దేశపు లైసెన్సు గడువు ముగియకముందే ఆ సంస్థ నుంచి డీజీసీఏకి వెరిఫికేషన్ వెళ్ళేలా చూసుకోండి. సెలవుకి ఇంటికొచ్చిన ప్రతిసారీ ఇండియన్ క్లాస్ 1 మెడికల్ రెన్యూ చేయించుకోవాలి. బయట సంపాదన బాగుందని ఇండియన్ లైసెన్సుని వదిలేసినవాళ్ళు తిరిగొచ్చాక మళ్ళీ పరీక్షలు, స్కిల్ టెస్ట్ చుట్టూ తిరగాల్సి వస్తుంది. గడువు తేదీలన్నీ ఒక కాగితం మీద రాసి ఇంట్లో కూడా ఒక కాపీ ఉంచండి: సీపీఎల్, ఐఆర్, మెడికల్, ఇంగ్లిష్ ప్రావీణ్యం, పాస్‌పోర్టు, పర్మిట్.